పడక్కుర్చీ బండి, పట్టేసిన నడుం

2002 వానాకాలంలో ఒక సోమవారం పొద్దున నేను మంచం మీంచి లేవలేకపోయాను. జ్వరం లేదు. ముందు రోజు బరువులెత్తిందీ లేదు. మెలకువ వచ్చి ఎప్పటిలా లేచి కూర్చోబోతే నడుం కదల్లేదు. కింది నుంచి వీపు సగం దాకా చెక్క బిగించినట్టుగా ఉంది. వంటింట్లో ఉన్న నా భార్య లలితని పిలిస్తే వచ్చి, చెయ్యి పట్టుకుని లేపింది.

"రాత్రి పక్క సరిగ్గా కుదర్లేదేమోనండీ," అంది.

నేనూ అదే అనుకున్నాను. వంగి సాక్సు వేసుకోలేకపోతుంటే తనే తొడిగింది. మూడేళ్ళ మా అమ్మాయి మౌనిక అది చూసి, "నాన్నకి అమ్మ సాక్సులేత్తంది" అని ఒకటే నవ్వు. మేమూ నవ్వేశాం.

అప్పట్లో నేను నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. ఇల్లు జగ్గయ్యపేటలో. ఆ రోజు కూడా బండి తీసి బయల్దేరాను. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కేదాకా చిన్న గుంత వచ్చినా పళ్ళు బిగబట్టాను. కాలేజీకి వెళ్ళి, మెట్లెక్కి, రెండు క్లాసులు నిలబడి చెప్పేసరికి నొప్పి ఎటు పోయిందో తెలీదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పే వేళకి ఆ సంగతే మర్చిపోయాను.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే పట్టు. ఆ మర్నాడూ అంతే.

ఇక్కడ ఆ బండి గురించి చెప్పాలి. ఎందుకంటే దాదాపు రెండేళ్ళ పాటు అందరూ నా జబ్బుకి పెట్టిన పేరు ఆ బండే.

మాది పేటలో వ్యాపారం చేసుకునే కుటుంబం. నాన్నగారి తర్వాత హోల్‌సేల్ కిరాణా కొట్టు అన్నయ్య చూసుకునేవాడు. నేను చదువు వైపు వెళ్ళాను. తొంభైల్లో ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ నాన్నగారి పాత స్కూటరే నా వాహనం. 2001లో ఏదో పని మీద విజయవాడ వెళ్ళినప్పుడు ఒక షోరూం అద్దాల వెనక క్రూయిజర్ మోటార్‌సైకిల్ కనిపించింది. కిందికి దిగిన సీటు, నీటిబొట్టులా పొడుగాటి ట్యాంకు, వెనక్కి వంపు తిరిగిన హ్యాండిల్, ముందుకి కాళ్ళు చాపుకునేలా ఫుట్‌రెస్టులు. నల్ల రంగు. మిగతాదంతా క్రోమ్. లోపలికి వెళ్ళి దాని మీద కూర్చున్నాను. రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనాయి. బయటికి వచ్చేటప్పటికి అది నాదే అని మనసులో ఖాయమైపోయింది.

నెల తిరక్కుండానే దాన్ని పేటకి తోలుకొచ్చాను. కొట్టు ముందు ఆపితే అన్నయ్య తక్కెడ దగ్గర్నుంచి లేచి వచ్చి, చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదేం బండిరా శేషూ, పడక్కుర్చీకి చక్రాలు తగిలించినట్టుంది," అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ పేరే స్థిరపడింది. పేటలో అలాంటిది ఇంకోటి లేదు. "పడక్కుర్చీ బండి మేష్టారు" అంటే నేనే.

దాన్ని ఎంత అపురూపంగా చూసుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కొత్తలో ఇంజను కుదురుకునేదాకా యాభై దాటనివ్వలేదు. ఎడ్లబండి తప్ప మిగతావన్నీ నన్ను దాటుకుని పోయేవి. ఆదివారం వచ్చిందంటే వాకిట్లో గోనెపట్టా పరిచి కూర్చునేవాణ్ణి. కిరసనాయిలుతో చైను కడిగి, ఆరాక ఆయిలు పట్టించి, అది ఎంత వేలాడుతోందో వేలితో ఎత్తి చూసేవాణ్ణి. మా వైపు సిమెంటు లారీలు ఎక్కువ. వాటి దుమ్ము క్రోమ్ మీద సన్నగా పేరుకుపోయి, వాన తగిలితే మచ్చలు పడేవి. అందుకని తడి లేకుండా తుడిచి కొబ్బరినూనె గుడ్డతో రుద్దేవాణ్ణి. "నా తలకి మిగల్చండి కాస్త," అనేది లలిత. సాయంత్రాలు మౌనికని ట్యాంకు మీద, లలితని వెనక కూర్చోబెట్టుకుని ముక్త్యాల రోడ్డున నెమ్మదిగా వెళ్ళేవాళ్ళం. ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినబడని ఆ సాయంత్రాల్లో మా అమ్మాయి ట్యాంకు మీద చెంప ఆనించి నిద్రపోయేది.

అలాంటి బండి ఇంటికొచ్చిన ఏడాదికి నాకు నడుం పట్టేసింది. ఇక ఎవరైనా దేన్ని అనుమానిస్తారు?

ముందు నందిగామలోనే ఒక ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి చూశారు. నడుముకి ఎక్స్-రే తీయించారు. డిస్కులన్నీ బాగానే ఉన్నాయన్నారు.

"ఏం బండి నడుపుతారు?"

చెప్పాను. కాళ్ళు ఎలా పెట్టుకుంటానో కూడా కుర్చీలో కూర్చుని చూపించాను.

"రోజూ రానూ పోనూ అరవై కిలోమీటర్లు, ఇలాగా? ఇంకేముందండీ! అదే కారణం. బండి మానేసి మూడు వారాలు బెడ్ రెస్ట్ తీసుకోండి," అన్నారు.

ఆయన్ని నేను తప్పు పట్టను. నేను చెప్పింది వింటే ఎవరైనా అదే అనేవారు. బెల్టు ఇచ్చారు, పెయిన్ కిల్లర్ రాశారు. మాత్ర వేసుకున్నన్నాళ్ళూ హాయిగా ఉండేది, కోర్సు అయిపోగానే మళ్ళీ మొదలు. బెడ్ రెస్ట్ మాత్రం నరకం. పగలంతా పడుకుంటే సాయంత్రానికి పక్కకి తిరగడానికి కూడా లలిత పట్టుకోవాల్సి వచ్చేది. తెల్లవారుజామున పిర్రల లోపల ఎక్కడో, ఒకరోజు కుడివైపు, ఇంకోరోజు ఎడమవైపు, సలుపుతో మెలకువ వచ్చేది. లేచి వరండాలో అటూ ఇటూ తిరిగితే గాని తగ్గేది కాదు.

"పడుకోమంటే తిరుగుతావేంట్రా? డాక్టరు మాటకి విలువ లేదా?" అని అన్నయ్య కేకలేసేవాడు. తర్వాత ఒకరోజు వచ్చి, గోడకి తగిలించిన బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. మా మధ్య అంతకు ముందెప్పుడూ పెద్ద మాట రాలేదు. ఆ రోజు వచ్చింది.

"నా బండి తాళం నువ్వు తీసుకోవడమేంటి అన్నయ్యా?"

"నువ్వు మంచాన పడితే ఆ పిల్లని ఎవరు చూస్తారు? బండి చూస్తుందా?" అన్నాడు. హమాలీల చేత బండిని తోయించుకెళ్ళి, కొట్టు వెనక గోడౌన్‌లో కందిపప్పు బస్తాల పక్కన పెట్టించాడు.

అప్పట్నుంచి బస్సులో వెళ్ళాను. నొప్పి తగ్గలేదు. గర్భగుడిలోకి తొంగిచూసేవాడిలా కొంచెం ముందుకి వంగి నడవడం అలవాటైంది. మౌనికని ఎత్తుకోవడం మానేశాను. తను స్టూలు లాక్కొచ్చి, దాని మీద ఎక్కి నా మెడ పట్టుకునేది. విజయవాడలో ఇంకో డాక్టరు నడుముకి బరువులు కట్టి లాగే ట్రాక్షన్ పెట్టారు. అయినవాళ్ళు చెప్పిన తైలాలు రాయించుకున్నాను. కాలేజీలో కుర్రాళ్ళు నా నడకని అనుకరించడం ఒకసారి కిటికీలోంచి చూశాను. కోపం రాలేదు. ముప్ఫై రెండేళ్ళకే నేను బయటికి అలా కనబడుతున్నానా అని దిగులేసింది. ఉద్యోగం మానేసి కొట్లో గల్లా దగ్గర కూర్చోమని అన్నయ్య రెండు మూడుసార్లు అన్నాడు. సరే అనడానికి దగ్గర్లోకే వచ్చాను.

2004 ఎండాకాలంలో ఎడమ కన్ను ఎర్రబడింది. కళ్ళకలక అనుకుని మందులషాపులో చుక్కలు తెచ్చి వేసుకున్నాను. రెండు రోజులకి వెలుతురు చూడలేకపోయాను. కిటికీ తెరిస్తే కంట్లో సూది గుచ్చినట్టుండేది. చూపు మసకబారింది. లలిత భయపడి ఆ పూటే విజయవాడ బస్సెక్కించింది.

కంటి డాక్టరు నాకంటే చిన్నవాడిలా ఉన్నాడు. గడ్డం స్టాండు మీద ఆనించమని చాలాసేపు కంట్లోకి లైటు వేసి చూశాడు.

"ఇది కలక కాదండీ. కంటి లోపల వాపు, ఐరైటిస్ అంటాం. చుక్కలతో తగ్గుతుంది, కంగారు లేదు," అని చీటీ రాయబోతూ ఆగాడు. "మీకు నడుం నొప్పేమైనా ఉందా?"

నేనూ లలితా మొహమొహాలు చూసుకున్నాం.

"ఉందండీ. కంటికీ నడుముకీ సంబంధం ఏంటండీ?"

"ఉండొచ్చు. పొద్దున లేవగానే ఎక్కువా, సాయంత్రం అలిసిపోయాక ఎక్కువా?"

"పొద్దున్నేనండీ."

"పడుకుంటే తగ్గుతుందా?"

నేను నోరు తెరిచేలోపే లలిత అందుకుంది. "పడుకుంటే పెరుగుద్దండీ. తిరిగితేనే తగ్గుద్ది. రెండేళ్ళ నుంచి చూస్తన్నా కదా, ఈయన తెల్లారగట్ల వరండాలో తిరుగుతానే ఉంటారు."

ఆయన కలం పక్కన పెట్టాడు. "మీరు ముందు రుమటాలజిస్టుకి, అంటే కీళ్ళవాతం డాక్టరుకి చూపించుకోవాలి. హైదరాబాదు వెళ్ళండి. ఆలస్యం చెయ్యకండి," అన్నాడు.

హైదరాబాదు డాక్టరుగారు పెద్దావిడ. ఓపిగ్గా మొదట్నుంచీ చెప్పించుకున్నారు. నన్ను గోడకి వీపు ఆనించి నిలబెట్టారు. తల వెనక భాగం గోడకి ఆనలేదు. నడుం మీద పెన్నుతో రెండు గీతలు గీసి, ముందుకి వంగమని టేపుతో కొలిచారు. "ఇంతకు ముందెప్పుడైనా మడమలు నొప్పి పుట్టాయా?" అని అడిగారు.

పుట్టాయి! తొంభయ్యారులోనో ఏడులోనో, కాలు నేల మీద ఆనించలేనంతగా. స్కూటరు కిక్కు కొట్టి కొట్టి వచ్చిందని అప్పట్లో అందరూ అన్నారు. ఆ మాట చెబితే ఆవిడ నవ్వారు. "పాపం మీ బళ్ళు చాలా మాటలు పడ్డాయే!"

తుంటికి ఎక్స్-రే, ఈ.ఎస్.ఆర్., హెచ్.ఎల్.ఏ. బి27 అనే రక్తపరీక్షలు చేయించారు. రిజల్టులు చూశాక ఎక్స్-రేని వెలుగు పెట్టె మీద పెట్టి, వెన్నెముక కింద తుంటితో కలిసే చోటు చూపించారు. "ఇవి ఎస్.ఐ. జాయింట్లు. అంచులు చెదిరిపోయాయి చూడండి. దీన్ని యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. మన శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరబడి కీళ్ళని వాచేలా చేస్తుంది. వదిలేస్తే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి."

"బండి వల్ల వచ్చిందాండీ?" లలిత అడిగింది.

"కాదమ్మా. బండి వల్ల రాలేదు, బండి వల్ల తగ్గనూ తగ్గదు. కదలకపోతే మాత్రం పెరుగుతుంది. ఇన్నాళ్ళూ ఈయన్ని పడుకోబెట్టడమే పొరపాటైంది."

"పూర్తిగా నయమవుతుందా?" అన్నాను.

"అవదు. కానీ అదుపులో పెట్టొచ్చు. సగం పని నా మందులది, సగం మీ వ్యాయామానిది. మీ సగం మీరు మానేస్తే నా సగం సరిపోదు."

తిరుగు బస్సులో లలిత సూర్యాపేట దాకా కిటికీ వైపే మొహం పెట్టుకుని కూర్చుంది. నాకేమో, నిజం చెప్పాలంటే, తేలిగ్గా ఉంది. జబ్బుకి పేరు దొరికింది. పూర్తిగా పోదని తెలిసినా, దేనితో తలపడుతున్నానో తెలిసింది.

మందులు మొదలుపెట్టిన కొద్దిరోజులకే పొద్దున పట్టు సగానికి సగం సడలింది. కడుపులో మంట వచ్చింది, దానికి ఇంకో మాత్ర చేరింది. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు లలిత నాతో పాటు చేసేది. "మీరొక్కరే చేస్తే నాలుగో రోజుకి ఎగ్గొడతారు," అనేది. ఈత మంచిదన్నారు. పేటలో స్విమ్మింగ్‌పూల్ ఎక్కడిది? ఆదివారాలు బస్సెక్కి వేదాద్రి వెళ్ళి, కృష్ణలో రేవు దగ్గరే లోతు లేని చోట ఈదేవాణ్ణి. నీళ్ళలో నా ఒంటికి బరువుండేది కాదు. స్నానానికి వచ్చినవాళ్ళు మూడు మునకలేసి వెళ్ళిపోయేవాళ్ళు, నేను మాత్రం లలిత గట్టు మీంచి పిలిచేదాకా వచ్చేవాణ్ణి కాదు. తర్వాత నరసింహస్వామి దర్శనం చేసుకుని, పులిహోర తిని ఇంటికొచ్చేవాళ్ళం.

ఆ దసరా వెళ్ళాక ఒకరోజు అన్నయ్య ఇంటికొచ్చాడు. కూర్చోలేదు. "బండి తప్పేం లేదన్నారంటగా?" అన్నాడు.

"లేదన్నారు."

తాళం బల్ల మీద పెట్టాడు. "బస్తాలు పక్కకి జరిపించా. రేపు సుభానీని తీసుకెళ్ళి చూడు."

సుభానీ బస్టాండు దగ్గర మెకానిక్కు. మూలన పడున్న ఆ రెండేళ్ళలో బండికి కావలసినంత జరిగింది. బ్యాటరీ చచ్చిపోయింది. పెట్రోలు కార్బురేటర్‌లో జిగురు కట్టేసింది. ఎయిర్‌ఫిల్టర్ పెట్టె తెరిస్తే ఎలుకలు కాపురం పెట్టిన ఆనవాళ్ళు, పక్కనే కందిపప్పు. "మేష్టారూ, బండికి సంవత్సరానికి సరిపడా గ్రాసం దాచి పెట్టారే," అన్నాడు. ట్యాంకు దింపి తుప్పు కడిగి, వైర్లు మార్చి, కొత్త ఆయిలు పోసి స్టార్టు కొడితే మొదట తెల్లటి పొగ, తర్వాత దగ్గు, తర్వాత నాకు బాగా తెలిసిన ఆ చప్పుడు. నేను గోడౌన్ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఎవరూ చూళ్ళేదనుకుంటా.

డాక్టరుగారు ఫోన్లో రెండు షరతులు పెట్టారు. ముందుకి గూనిగా వంగి నడపకూడదు. అరగంటకోసారి దిగి నడవాలి. పడిపోతే మామూలు వాళ్ళ కంటే నా వెన్నుకి ప్రమాదం ఎక్కువని కూడా గట్టిగా చెప్పారు. నిటారుగా కూర్చునేలా బండిని మార్చాలన్న పట్టుదల అక్కడ మొదలైంది.

సుభానీ హ్యాండిల్ కింద ఇనప ముక్కలు వెల్డింగ్ చేసి బెత్తెడు ఎత్తు లేపాడు. చూడ్డానికి బాగానే ఉంది. తీరా నడిపితే ఎడమకి తిప్పినప్పుడల్లా యాక్సిలరేటర్ కేబుల్ బిగిసి బండి దానంతటదే అరుస్తూ పరిగెత్తింది. గాంధీబొమ్మ దగ్గర అరటిపళ్ళ బండిని వెంట్రుకవాసిలో తప్పించాను. "ఎత్తు అడిగారు, ఇచ్చా. తిప్పుతారని చెప్పలా," అన్నాడు సుభానీ, తను కూడా భయపడి. వెల్డింగ్ ఊడగొట్టి, విజయవాడ నుంచి పొడుగు కేబుళ్ళు తెప్పించి, హ్యాండిల్‌ని పైకీ వెనక్కీ తెచ్చి నట్లతో బిగించాం. ఫుట్‌రెస్టులు జానెడు వెనక్కి జరిపాం. సోఫాలు కుట్టే అతని దగ్గర సీటు విప్పించి, నడుం కింద ఆనేలా గట్టి స్పాంజితో చిన్న గుబ్బ పెట్టించాం. నేను ఎక్కి కూర్చుంటే లలిత పక్కన నిలబడి, "ఇంకొంచెం పైకి. ఆ, ఇప్పుడు మనిషిలా ఉన్నారు," అంది.

మళ్ళీ నందిగామ వెళ్ళిన మొదటి రోజు చిల్లకల్లులో ఆగి నడిచాను, టీ తాగాను. కోనకంచి క్రాసులో ఆగి నడిచాను. పత్తి చేల మీంచి గాలి చల్లగా వస్తోంది. అరగంటలో అయ్యే ప్రయాణానికి గంట దాటింది. కాలేజీ గేటు దగ్గర పిల్లలు చప్పట్లు కొట్టారు.

కథ ఇక్కడే ఆగితే బాగుండేది. 2007లో మెడ పట్టెయ్యడం మొదలైంది. మందులు వాడుతూనే ఉన్నాను, వ్యాయామం మానలేదు. అయినా కొద్దికొద్దిగా బిగుసుకుని, చివరికి తల పక్కకి తిరగడం ఆగిపోయింది. ఒకరోజు అంబారుపేట దగ్గర వెనక ఏమొస్తోందో చూద్దామని ఒళ్ళంతా తిప్పాను. ఒంటితో పాటు బండీ తిరిగింది. సిమెంటు లారీ హారన్ మోగించుకుంటూ మోచేతిని రాసుకున్నంత దగ్గరగా పోయింది. రోడ్డు పక్కన బండి ఆపి, దిగి చాలాసేపు గట్టున కూర్చున్నాను.

ఇంటికొచ్చి దాచకుండా లలితకి చెప్పాను. బండి అమ్మేయమంటుందనుకున్నాను.

"కాలేజీకి బస్సులో వెళ్ళండి. హైవే మీదకి ఇక వద్దు. బండికి పెద్ద అద్దాలు పెట్టించండి. ఆదివారం వేదాద్రి వెళ్ళడానికి నేను వెనక కూర్చుంటా, చూసి చెప్తా. నాకు మెడ తిరుగుద్దిగా," అంది.

అలాగే చేశాం. సుభానీ రెండు పెద్ద గుండ్రటి అద్దాలు బిగించాడు. లలిత కోసం వెనక సీటుకి ఆనుడు కూడా పెట్టాడు. డాక్టరుగారు ఒక మందు మార్చారు. మెడకి పాత కదలిక రాలేదు, కానీ బిగుసుకోవడం అక్కడితో ఆగింది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. వెన్ను చాలావరకు అతుక్కుపోయింది, అయితే నిటారుగానే అతుక్కుంది. అది వ్యాయామం చలవేనని డాక్టరుగారు అన్నారు. ఆవిడ రిటైరయ్యారు, ఆవిడ శిష్యుడికి చూపించుకుంటున్నాను. కన్ను మరో రెండుసార్లు ఎర్రబడింది. ఆ పూటే వెళ్ళాను కాబట్టి చూపు దక్కింది. పాఠాలు చెబుతూనే ఉన్నాను. బండికి స్పేర్‌పార్టులు దొరకడం మానేసి చాలా కాలమైంది. ఏది పోయినా సుభానీ ఇంకో బండిది అరగదీసి పట్టిస్తాడు. పెట్రోలు బంకులో కుర్రాళ్ళు ఫోటోలు తీసుకుంటారు. ఆదివారం వేదాద్రి రోడ్డున మేం వెళ్తుంటే వెనక నుంచి లలిత గొంతు వినబడుతుంటుంది. "ట్రాక్టరొస్తంది, పక్కకి రండి... ఆ, పోయింది. ఇప్పుడు పోండి."

వయసులో ఉండి నడుం నొప్పితో బాధపడేవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. బండి మానెయ్యాలా, ఏ తైలం వాడాలి అని అడుగుతారు. నేను డాక్టర్ని కాదు. నాకు తెలిసింది ఒక్కటే చెబుతాను. నొప్పి ఎక్కడుందో డాక్టరుగారు అడుగుతారు. అది ఎప్పుడు తగ్గుతుందో, పడుకుంటేనా, తిరిగితేనా, అడక్కపోయినా మీరే చెప్పండి.